కఱ్ఱపొట్టు వలని దద్దురులు

వేసవి నెలలలో పొలముపని తక్కువగా నుండును గనుక మన సభ్యులలో పెక్కురు ఆ కాలమున ఇంటివద్ద వడ్రంగము చేయుచున్నారు. కొందఱు అవసరమునకై మేడియు, కాడియు, గొఱ్ఱును బాగుచేసికొందురు. మఱికొందఱు కేవలము వేడుకకై పీటలు, పెట్టెలు, ఉయ్యాలబల్లలు, మనుమల యాటబండ్లు చేయుదురు. రావిచెట్టు క్రింద పేకాటతో ప్రొద్దుపుచ్చుటకంటె ఇది వేయిమడుగులు మేలని మా యభిప్రాయము. అయితే గ్రామములు తిరుగునపుడు మేమొక సంగతిని పలుమారు వినుచున్నాము. “అయ్యా, ఈ నెలలో పురుగుమందు కొట్టినది లేదు, ఎరువు చల్లినది లేదు. అయినను చేతులును మెడయు దద్దురులెక్కుచున్నవి. ఏమి కారణమై యుండును?” అని రైతులు అడుగుచున్నారు. అట్టివారి యింటి పంచలో ఱంపపు పొట్టు కుప్పపడియుండుట మేము ఒకటిరెండు తావుల గాదు, చాలచోట్ల చూచితిమి.

కఱ్ఱవలన ఒంటికి కలుగు బాధ రెండు విధములు. దూలగొండి నూగు ఎవరికి తగిలినను దురదయే. కోరింగ మడయడవిలోని తిల్లచెట్టు పాలును అట్టివే. చర్మముపై బడిన బొబ్బలెక్కును, కంటబడిన చూపునకే ముప్పు. ఇది ఆ చెట్టు విషగుణము, అందఱకును సమానము. రెండవ విధము వేఱు. అన్నదమ్ములిద్దఱు ఒకే టేకుదుంగకు చెఱియొక వైపున నిలిచి ఱంపము లాగుదురు. అన్నకు ఏమియు కాదు. తమ్మునకు మోచేతి మడతలలో, మెడచుట్టును, కనుఱెప్పలపైనను ఎఱ్ఱగా పొక్కును. దీనిని అలర్జీ యందురు. ఈ మాటను 1906వ సంవత్సరమున వియన్నా నగర వైద్యుడగు క్లెమెన్స్ ఫాన్ పిర్కే కల్పించెను.

ఇది యెట్లు జరుగునో రైతులకు తెలియునట్లు చెప్పవలెనన్న, ఊరి తలారిని తలచుకొనుడు. బాటసారి యొకడు ఊరిగుండ పలుమారు పోవుచుండును, తలారి పట్టించుకొనడు. ఒకనాడు ఏ కారణముననో వానిని దొంగయని ముద్రవేసికొనును. ఆపై వాడు పొలిమేరలో కనబడినంతనే కేకలు, కఱ్ఱలు, ఊరంతయు అల్లకల్లోలము. బాటసారి వలన గలుగు చేటుకంటె తలారి చేయు రభస యెక్కువ. మన శరీరమందలి కాపుదలయు నిట్లే ఒక కఱ్ఱలోని ద్రవ్యమును శత్రువుగా గుర్తుపెట్టుకొనును. ఆ గుర్తు కొందఱికి పది పదునైదు దినములలోనే పడును. కొందఱికి ఇరువది యేండ్లు అదే కఱ్ఱను చెక్కిన పిదప పడును. ఒకసారి పడినదా, సామాన్యముగా జీవితాంతము నిలుచును. కావున “మా తండ్రినాటినుండి ఈ కఱ్ఱయే కోయుచున్నాము, ఇప్పుడు కొత్తగా నేల పట్టును?” అను వాదము చెల్లదు.

ఇంకొక చిక్కు గలదు. దద్దురు పనిచేసిన గడియకు రాదు. మఱునాడో, మూడవనాడో వచ్చును. అందుచేత శుక్రవారము కోసిన కఱ్ఱను విడిచి ఆదివారము తిన్న వంకాయను నిందింతుము.

మెట్టప్రాంతపు సభ్యుడొకని సంగతి ఇచ్చట చెప్పవలసియున్నది. ఆయన అనుమతితోనే వ్రాయుచున్నాము. పేరు మాత్రము వలదన్నాడు. తండ్రినాటి మండువాయిల్లు పడగొట్టగా మంచి జిట్రేగి దూలములు నాలుగు మిగిలినవి. కుమార్తె తొలికాన్పునకు పుట్టింటికి రానున్నది. ఆ దూలములతో తన చేతులతోనే మనుమనికి ఊయలతొట్టె చేయవలెనని ఆయన సంకల్పించెను. పట్టణమునుండి విద్యుత్తుతో తిరుగు ఱంపమును, నునుపుచేయు యంత్రమును కొనితెచ్చెను. చైత్రమాసపు ఎండలో, పై బట్ట లేక, పంచలో కూర్చుండి పని సాగించెను. ఊదారంగు పొట్టు పిండివలె లేచి చెమట పట్టిన ఒంటికి పూతపూసినట్లు అంటుకొనెడిది.

రెండవ వారమున కనుఱెప్పలు వాచినవి. మెడయు ముంజేతులును మండినవి. ఇంటిలోని ఆడువారు దిష్టి యని మిరపకాయలు తీసివేసిరి. ఊరిలో సూదిమందు వేయునతడు పూతమందు ఇచ్చెను. కొంత తగ్గెను, మరల వచ్చెను. నడుమ బంధువుల పెండ్లికై అయిదు దినములు పొరుగూరు పోగా, ఏ మందును లేకయే ఒళ్లు చల్లబడెను. తిరిగివచ్చి యంత్రము పట్టిన మఱునాడు ఎప్పటికంటె హెచ్చుగా పొక్కెను. అప్పటికిని ఆయన కఱ్ఱను అనుమానింపలేదు. తండ్రి యింటి దూలము తనకు కీడు చేయునా యని మనసొప్పలేదట. గుర్తుపట్టినవాడు ఆ యూరి వడ్రంగి. “బాబూ, మా పెదనాన్నకును జిట్రేగి గిట్టెడిది కాదు. ఆ కఱ్ఱ వచ్చిననాడు ఆయన బాడిస నాకిచ్చి తాను గట్టుమీద కూర్చుండెడివాడు” అని అతడు చెప్పెను. పట్టణమందలి చర్మవైద్యుడు పరీక్షించి అదియే నిజమని తేల్చెను.

ఇక అసలు బాధ అప్పుడు మొదలయ్యెను. కుమార్తె యడిగిన ప్రశ్న యేమన, “నాన్నా, నీకే పడని కఱ్ఱలో పసిబిడ్డను పరుండబెట్టవచ్చునా?” అని. ఆయన ఆ రాత్రి తొట్టెను విఱిచి పొయ్యిలో పెట్టుటకు సిద్ధపడెను. మేము వద్దంటిమి. గుర్తు పడినది తాతగారి శరీరమునకే గాని బిడ్డ శరీరమునకు గాదు; ఈ గుణము కఱ్ఱనుండి రక్తసంబంధముచే సంక్రమించునది కాదు. పైగా జిట్రేగిని పొయ్యిలో వేసిన పొగయు ఆయనకు మంచిది కాదు. వైద్యుడును వార్నీషు గట్టిగా పట్టించిన కఱ్ఱ పొట్టువలె బాధింపదనియు, బిడ్డ నోరానించు అంచులకు మాత్రము గుడ్డ చుట్టవలెననియు చెప్పెను. తక్కిన పని వడ్రంగి తన కొట్టములో ముగించి నాలుగు పూతలు పూసెను. తాతగారు తొట్టెను ముట్టుటకు ఇంకను వెఱచుచున్నారు. దూరమున కూర్చుండి త్రాడు లాగి ఊపుచున్నారు. మనుమనికి ఆ భేదము తెలియదు.

జిట్రేగి యొక్కటియే గాదు. ఇట్టి గుణము గల కఱ్ఱలలో బిల్లుడు పాతకాలమునుండియు పేరుపడినది. 1909లో ఆల్డ్ అను రసాయనజ్ఞుడు ఈ కఱ్ఱనుండి క్లోరాక్సిలోనిన్ అను ద్రవ్యమును వేఱుపఱచి, పనివారి చర్మమును పొక్కించునది యిదియే యని చూపెను. టేకు పొట్టును కొందఱికి పడదు. నల్లజీడి సంగతి చెప్పనక్కఱలేదు. చాకలి గుర్తు పెట్టిన జీడిరసము వలననే రెండవ ప్రపంచయుద్ధకాలమున ఇండియాకు వచ్చిన అమెరికా సైనికులు పలువురికి గుర్తు తగిలినచోట పుండ్లు లేచినవి. నల్లజీడి, జీడిమామిడి, మామిడి ఒక్క కుటుంబపు చెట్లు. కావున జీడి పడనివారు మామిడికొమ్మలు నఱకునప్పుడు సొన తగులకుండ చూచుకొనవలెను. మన్యమున కాఫీతోటల నీడకై పెంచు సిల్వరు ఓకు, ఆస్ట్రేలియా చెట్టు, అదియు కొందఱి చర్మమునకు గిట్టదు. అరకు, చింతపల్లి ప్రాంతములలో దాని కొమ్మలు కొట్టువారు దీనిని గమనింపవలెను.

వీనిలో హెచ్చుభాగము బాధ చేవయందే గలదు, పైనుండు తెల్లచెక్కయందు తక్కువ. కారణము విచిత్రమైనది. టేకుచేవను చెద తినదని మనమందఱము మెచ్చుకొందుము. చెద యేల తినదు? చెట్టు తన ముసలిచెక్కలో క్వినోనులను చేదు ద్రవ్యములను నింపుకొనును గనుక. జిట్రేగిలోని డాల్బర్జియోనులును, టేకులోని డీయాక్సీలపకాలును ఆ జాతివే. పురుగును తఱుము ఆ సరకే మనుష్యుని చర్మముతో కలియబడి తలారిని నిద్రలేపుచున్నది. ఏండ్లు గడచినంతమాత్రమున ఇవి పోవు. ఇంటిదూలము నూఱేండ్లదైనను అంతే.

పూర్వులకు ఇంత బాధ లేదే యని కొందఱందురు. వారు బాడిసతో చెక్కిరి, చిత్రిక పట్టిరి. రాలినది పేళ్లును చుట్టలును. అవి నేలబడును గాని ముక్కులో దూరవు. నేటి యంత్రము పిండి చేయుచున్నది. ఆ పిండి చెమటలో కరగి చేవలోని సారమును చర్మములోనికి దింపును. మన వడ్రంగకాలము సరిగా చెమటకాలమే యగుట మన దురదృష్టము.

చర్మమునకు వచ్చినది కంటికి కనబడును. రొమ్మునకు వచ్చినది కనబడదు. కెనడా పశ్చిమతీరమున ఎఱ్ఱ సీడరు కోయువారికి అందలి ప్లికాటికు ఆమ్లము వలన ఉబ్బసము వచ్చుచున్నదని వైద్యులు తేల్చిరి. దాని లక్షణము, పగలు పనిచేయునప్పుడు గాక రాత్రి పండుకొన్న పిదప దగ్గును పిల్లికూతలును వచ్చుట. కొన్నాళ్లు లక్ష్యపెట్టక పనిచేసినవారిలో పలువురికి పని మానినను ఉబ్బసము పూర్తిగా విడువలేదు. కావున దద్దురు గలవాడు కొంతకాలము ఓర్చుకొనినను ఓర్చుకొనవచ్చును. రాత్రిదగ్గు గలవాడు ఒక్కదినమును ఓర్చుకొనరాదు. ఇంగ్లండులో హైవికం పట్టణము కుర్చీల పనికి ప్రసిద్ధి. అచ్చటి ప్రాంతపు పనివారిలో ముక్కులోపల అరుదుగా వచ్చు క్యాన్సరు హెచ్చుగా నున్నదని 1968లో వైద్యులు ప్రకటించిరి. 1995లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ కఱ్ఱపొట్టును మానవులకు క్యాన్సరు కలిగించు వస్తువులలో చేర్చెను. అది యేండ్లతరబడి దినమంతయు పొట్టులో నుండు కార్మికుల మాట. వేసవిలో రెండు పీటలు చేయువారు దానికి బెదరిపోనక్కఱలేదు గాని, పొట్టును పసుపువలె భావించుటయు తగదు.

ఇక చేయవలసిన పని. కఱ్ఱ కోయుట పంచలోగాక ఆరుబయట, గాలి వీపునకు తగులునట్లు నిలిచి చేయవలెను. ఒంటికి పొడుగుచేతుల చొక్కా వేసికొనవలెను. ఎండకు కష్టమే, తెల్లవాఱుజామున చేయుడు. నోటికి కట్టుకొను తుండుగుడ్డ సన్నపిండిని ఆపదు. 2020లో కరోనాకాలమున మనమందఱము ఎఱిగిన ఎన్-95 ముసుగు వాడవలెను. పని కాగానే, అన్నమునకు కూర్చుండకమునుపే, సబ్బుతో స్నానము చేయవలెను. ఆ బట్టలను వేఱుగా ఉతుకవలెను. పొట్టును పొడిచీపురుతో ఊడ్చిన, కోసినవానికంటె ఊడ్చిన ఇల్లాలికే ఎక్కువ పోవును. ముందు నీళ్లు చిలుకరించి ఊడ్వవలెను. ఆ పని కోసినవాడే చేయుట న్యాయము.

ఒక కఱ్ఱ పడదని తేలినవాడు వడ్రంగమునే మానవలసినది లేదు. ఆ కఱ్ఱను మానవలెను. నాగలికిని బండికిని నల్లతుమ్మయో, వేపయో వాడి, కొద్దిగా కోసి నాలుగుదినములు వేచి చూడవచ్చును. మేడిపిడి వంటి చెమటచేయి నిత్యము తగులు భాగమునకు మాత్రము జిట్రేగి, బిల్లుడు వాడకుండుట మంచిది. జిట్రేగి గడ్డపుపట్టె గల ఫిడేలు వాయించువారికే గడ్డము క్రింద దద్దురు వచ్చినది గలదు.

ఏ కఱ్ఱ పడదో తెలిసికొనుటకు కొందఱు ఆ పొట్టునే తడిపి చేతికి కట్టుకట్టుకొని చూచుచున్నారు. అది కూడదు. లేని గుర్తు దానివలననే పడవచ్చును, బొబ్బ లేచి పుండు కావచ్చును. యాడసోన్ అను వైద్యుడు 1895లో ప్రకటించిన అతుకుపరీక్షను చర్మవైద్యులు తగిన పాలున కలిపి వీపుపై చేయుదురు. రెండుదినములకు తీసి చూతురు. పోవునప్పుడు అనుమానము గల కఱ్ఱముక్కలను, వేఱువేఱు పొట్లములలో, పేర్లు వ్రాసి తీసికొనిపొండు. ఎప్పుడు కోసితిరో, ఎప్పుడు పొక్కెనో తేదీలు గుర్తుంచుకొనిన వైద్యుని పని సగము తీఱును.

మిగిలిన పొట్టును పశువుల కొట్టములో గాని కోళ్లగూటిలో గాని పొడిగా చల్లవలదు. పేడతో కలిపి తడిపి ఎరువుగుంటలో వేసి, బాగుగ చివికిన పిదపనే పొలమునకు తోలవలెను. పచ్చిపొట్టు చల్లిన మడిలో అది చివుకుచు నత్రజనిని తానే లాగికొనుటచే నారు పసుపుబాఱును.