నాన్నగారి పిస్తోలుకు మెరుగు పెట్టాను!

తెరమీద కౌబాయ్ కృష్ణ పిస్తోలు తీయగానే ఈల వేసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. 1971లో కాదు లెండి! 2023 మే 31న, ఆయన జయంతికి ‘మోసగాళ్ళకు మోసగాడు’ 4కెలో మళ్లీ విడుదలైనప్పుడు. కె.యస్.ఆర్. దాస్ దర్శకత్వం, ఆరుద్ర రచన, వి.యస్.ఆర్. స్వామి కెమెరా... రాజస్థాన్ ఇసుకలో ఆ గుర్రాల పరుగు చూసి ఇంటికొచ్చేసరికి, అటకమీది నాన్నగారి పిస్తోలు గుర్తొచ్చింది.

కంగారు పడకండి, అది పేలదు! నాటకాల్లో విలన్ వేషానికి ఆయన చేయించుకున్న ఉత్తుత్తి ఇనుప పిస్తోలు. గొట్టానికి కన్నమే లేదు. (అసలు తుపాకీని లైసెన్సు లేకుండా రిపేరు చేయడం 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం నేరం.) మా విశాఖ ఉప్పుగాలికి నిండా తుప్పు పట్టింది. పిడి పక్క రేకుమీద నాన్నగారు మేకుతో గీసుకున్న మూడు పొడి అక్షరాలు మాత్రం కనిపిస్తున్నాయి.

గాజువాకలో మా వీధి చివర రిటైరైన ఫిట్టరు ఒకాయన ఉన్నారు. మావయ్యా అని పిలుస్తాను. వరండాలోనే ఆయన వర్క్‌షాపు: ఒక బల్ల, ఒక వైసు, ఒక పాత మోటారు.

“సక్రం జోలికి రాకు బాబూ, ముందు కాయితం పట్టు” అన్నాడు.

కాయితమంటే ఎమరీ కాయితం. 120తో మొదలెట్టి 220, 320, 400, 600. నంబరు మారినప్పుడల్లా రుద్దే దిక్కు అడ్డంగా మార్చాలి. వెనకటి గీతలన్నీ పోయేదాకా తరవాతి కాయితం ముట్టకూడదు. కాయితాన్ని వేలితో నొక్కితే అంచులు గుండ్రమైపోతాయి, కనక చెక్కముక్కకు చుట్టి రుద్దాలి. రెండు ఆదివారాలు ఒక్క గొట్టానికే సరిపోయాయంటే నమ్మండి!

మూడో ఆదివారం మావయ్య టీకి లోపలికెళ్లాడు. ఇంకేం, మోటారు వేశాను. నిమిషానికి 2,800 చుట్లు తిరిగే గుడ్డ చక్రం, దానికి పట్టించిన ఆకుపచ్చ సబ్బులాంటి మందు... రేకు అద్దంలా తళుక్కుమంది. మురిసిపోయి తిప్పి చూద్దును కదా, మొదటి అక్షరం సగం లేదు! స్క్రూ కన్నం అంచులు కూడా గుంటపడ్డాయి.

“ఏటి బాబూ నీ తొందర? తీసీసిన ఇనుం మల్లీ అతకదు కదా” అన్నాడు మావయ్య. తిట్టినా బాగుండేది.

ఆ తరవాత ఆ రేకును చక్రానికి చూపించలేదు. మిగతా భాగాలు 400 దగ్గరే ఆపేశాను. పొట్టి సినిమా తీస్తున్న మిత్రుడొకడు అడగవచ్చి, “ఇంకా మెరవాలి గురూ!” అన్నాడు. మరీ మెరిస్తే లైటు తిరిగి కెమెరా కంట్లో గుచ్చుకుంటుందనీ, అందుకే షూటింగుల్లో మెరుపు చంపే స్ప్రే కొడతారనీ వాడికే నేను పాఠం చెప్పాల్సి వచ్చింది!

వచ్చే ఆదివారం భీమిలి ఇసుకలో షూటింగు. సాయంత్రానికల్లా చెమటా ఉప్పూ తుడిచి, నూనె గుడ్డలో చుట్టి తెచ్చివ్వాలని మాట తీసుకుని మరీ ఇచ్చాను.