చెరిగే పచ్చబొట్టు

ఆఫీసు కంప్యూటర్లో వాల్‌పేపర్ మార్చబోతే మారదు. పెన్‌డ్రైవ్ పెడితే తెరుచుకోదు. సిస్టమ్ అడ్మిన్ మన సీటు దగ్గరికి వచ్చిందీ లేదు, కీబోర్డు ముట్టిందీ లేదు. తన గదిలో కూర్చునే ఆఫీసంతటికీ వేసిన కట్టడి అది. పేరు గ్రూప్ పాలసీ.

దీనికి ముందు విండోస్ 95లో సిస్టమ్ పాలసీ ఉండేది. సర్వర్లో కాన్ఫిగ్.పోల్ అనే ఫైలు పెడితే చాలు, ఉద్యోగి లాగిన్ అయినప్పుడల్లా కంప్యూటర్ దాన్ని చదివి, ఆంక్షలను తన రిజిస్ట్రీలో రాసేసుకునేది. విండోస్ తన సెట్టింగులు దాచుకునే చిట్టా ఈ రిజిస్ట్రీ. చిక్కల్లా తర్వాతే. సర్వర్లో ఫైలు తీసేసినా రాసింది రాసినట్టే ఉండిపోయేది. అడ్మిన్లు దీన్ని ‘టాటూ’ అన్నారు, మన పచ్చబొట్టే. వదిలించుకోవాలంటే విరుగుడుగా మరో ఆదేశం పంపాలి, లేదా ఒక్కో కంప్యూటర్ దగ్గరికీ వెళ్లి దిద్దుకోవాలి.

2000 ఫిబ్రవరిలో విండోస్ 2000, నెట్‌వర్కులోని ఉద్యోగుల, కంప్యూటర్ల వివరాలు ఒకచోట ఉంచే యాక్టివ్ డైరెక్టరీతో పాటు గ్రూప్ పాలసీని తెచ్చింది. ఆదేశాల కోసం రిజిస్ట్రీలో ‘పాలసీస్’ అని విడిగా ఒక అర కేటాయించింది. మామూలు ఉద్యోగి అందులో చెయ్యి పెట్టలేడు. ఆదేశం రద్దయితే ఆ అర ఖాళీ అవుతుంది, కింద చెక్కుచెదరకుండా ఉన్న పాత సెట్టింగు మళ్లీ పనిచేస్తుంది. నన్నడిగితే గ్రూప్ పాలసీ గొప్పంతా ఇక్కడే ఉంది.

కొత్త ఆదేశాలేమైనా ఉన్నాయా అని కంప్యూటరే 90 నిమిషాలకోసారి సర్వర్‌ని అడుగుతుంది. దానికి 30 నిమిషాల లోపు ఎంతో కొంత కలుపుకుంటుంది, లేకపోతే వేల యంత్రాలు ఒక్కసారిగా సర్వర్ మీద పడతాయి. వచ్చిన ఆదేశాలు ఒక వరుసలో అమలవుతాయి: ముందు యంత్రం సొంత పాలసీ, తర్వాత అది ఉన్న సైటుది, ఆపైన సంస్థ నెట్‌వర్కు అంతటినీ కలిపే డొమైన్‌ది, చివర్న విభాగానిది. రెండు ఆదేశాలకు పొసగకపోతే చివర వచ్చినదే నెగ్గుతుంది. అంటే పైవాళ్లు ‘ఎన్‌ఫోర్స్‌డ్’ అని ముద్ర వేస్తే తప్ప, కింది విభాగం మాటే చెల్లుతుంది. మన ఆఫీసు ఫైళ్లలో ఇది జరిగే పనేనా!

విండోస్ సర్వర్ 2008తో గ్రూప్ పాలసీ ప్రిఫరెన్సెస్ వచ్చాయి. ప్రింటర్లు, నెట్‌వర్క్ డ్రైవులు తగిలించడం సులువైంది. కానీ పచ్చబొట్టు తిరిగొచ్చింది: ప్రత్యేకంగా చెప్పకపోతే, పాలసీ తీసేసినా ఆ సెట్టింగులు ఉండిపోతాయి. దానికి తోడు ఇందులో పాస్‌వర్డులు కూడా రాయనిచ్చారు. అవి చేరే సిస్‌వాల్ ఫోల్డరును డొమైన్‌లో లాగిన్ అయిన ఎవరైనా చదవచ్చు. పాస్‌వర్డులకు తాళమైతే ఏఈఎస్ 256 బిట్లది, గట్టిదే. దాని చెవిని మాత్రం మైక్రోసాఫ్టే తన సాంకేతిక పత్రాల్లో అచ్చువేసింది!

2014 మేలో విడుదలైన ప్యాచ్ కొత్త పాస్‌వర్డులు రాయకుండా ఆపింది. అప్పటికే రాసి ఉన్నవాటిని చెరపలేదు. వాటిని అడ్మిన్లే వెతికి తీసెయ్యాల్సి వచ్చింది.