గీతలు బాగానే ఉన్నాయి, మరి టైరు వయసెంత?

‘ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్’ సినిమాలు చూసిన కుర్రాళ్లకు పాల్ వాకర్ ఎవరో చెప్పక్కర్లేదు. 2013 నవంబర్ 30న కాలిఫోర్నియాలోని శాంటా క్లారిటాలో జరిగిన కారు ప్రమాదంలో ఆయన చనిపోయాడు. బండి నడుపుతున్నది ఆయన స్నేహితుడు. అతనూ బతకలేదు. కారు 2005 మోడల్ పోర్షే కరెరా జీటీ, కొత్తగా వచ్చినప్పుడే నాలుగు లక్షల డాలర్లకు పైగా ఖరీదు చేసిన బండి. గంటకు 45 మైళ్లు దాటకూడని చోట 80 నుంచి 93 మైళ్ల వేగంతో, అంటే సుమారు 130 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వెళ్లిందని లాస్ ఏంజిలెస్ షెరీఫ్ విభాగం తేల్చింది. ప్రాణాలు తీసింది వేగమే. అయితే అదే దర్యాప్తులో ఇంకో సంగతి కూడా బయటపడింది. ఆ కారు టైర్లు తొమ్మిదేళ్ల నాటివి. వాటివల్ల రోడ్డు మీద బండి అదుపు దెబ్బతిని ఉండొచ్చని అధికారులు చెప్పారు.

అంత ఖరీదైన బండి కింద అంత పాత టైర్లు ఎందుకున్నాయి? పాత స్పోర్ట్స్ కారు ఉన్న ప్రతి ఇంట్లోనూ జరిగేదే అక్కడా జరిగి ఉంటుంది. ఇలాంటి కారు రోజూ తిరగదు. సెలవు రోజున బయటికి తీస్తారు, కాసేపు తిప్పుతారు, కవరు కప్పి పెట్టేస్తారు. తిరగని టైరు అరగదు. అరగని టైరును చూస్తే ఎవరికీ అనుమానం రాదు.

దుబాయ్, షార్జా, దమ్మామ్ వైపు ఉద్యోగాలు చేస్తున్నవాళ్లలో, అమెరికాలో స్థిరపడినవాళ్లలో ఈ షౌక్ ఉన్న యువకులు ఉన్నారు. ఇరవై, ముప్పై ఏళ్ల నాటి స్పోర్ట్స్ కారు ఒక మామూలు సెకండ్ హ్యాండ్ కారు ధరకే దొరికితే ఆగడం కష్టం. అమ్మేవాడు ఇంజిన్ స్టార్ట్ చేసి వినిపిస్తాడు, పెయింట్ చూపిస్తాడు, చివర్లో ‘టైర్లు 80 శాతం ఉన్నాయి భాయ్’ అంటాడు. కొనేవాడు కూడా గీతల్లో వేలుపెట్టి చూసి సంతోషపడతాడు. అసలు చూడాల్సింది టైరు పక్క గోడ మీద ఉంటుంది.

అక్కడ ‘డాట్’ అనే అక్షరాలతో మొదలయ్యే ఒక వరుస కనిపిస్తుంది. దాని చివర నాలుగు అంకెలుంటే మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2319 అని ఉంటే ఆ టైరు 2019లో 23వ వారం తయారైందన్నమాట. అంకెలు మూడే ఉంటే 2000 సంవత్సరానికి ముందు టైరు. అలాంటిది కనిపిస్తే ఆ కారును దాని మీద నడిపి ఇంటికి తెచ్చుకోకూడదు, బండి మీద ఎక్కించి తెచ్చుకోవాలి. తారీఖు చాలాసార్లు టైరుకు ఒకవైపే ఉంటుంది. బయటివైపు లేదంటే ఫోన్ లైటు వేసుకుని కారు కిందికి వంగి లోపలివైపు చూడాల్సిందే. బట్టలు మాసిపోతాయి, పర్లేదు.

రబ్బరు పాతబడటం ఎలా ఉంటుందో తెలిస్తే ఈ తంటా ఎందుకో అర్థమవుతుంది. గాలిలోని ఆక్సిజన్, ఓజోన్, ఎండ, వేడి కలిసి రబ్బరును నెమ్మదిగా గట్టిపరుస్తాయి. దాన్ని అడ్డుకోవడానికి తయారీలోనే మైనం లాంటి పదార్థాలు కలుపుతారు. టైరు తిరుగుతూ వంగుతూ ఉంటేనే ఆ మైనం పైకి వచ్చి పూతలా కాపాడుతుంది. నెలల తరబడి ఒకేచోట నిలబడిన కారు టైర్లకు ఆ రక్షణ సరిగా అందదు. అంటే తక్కువ తిరిగిన కారు టైర్లు బాగుంటాయనే లెక్క ఇక్కడ తలకిందులవుతుంది. పైన గట్టిపడితే వానలో పట్టు పోతుంది. లోపల ఉక్కు తీగల పొరకూ రబ్బరుకూ మధ్య అతుకు బలహీనపడితే వేగంలో ఉన్నప్పుడు ట్రెడ్ మొత్తం ఊడిపోయే ప్రమాదం ఉంది.

ఇది స్పోర్ట్స్ కార్లకే పరిమితమైన ముప్పు కాదు. 2012లో బ్రిటన్‌లో ఒక సంగీత ఉత్సవం నుంచి తిరిగివస్తున్న బస్సు ముందు టైరు పేలి ముగ్గురు చనిపోయారు. ఆ టైరు వయసు 19 ఏళ్ల పైమాటే. కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి ఏళ్ల తరబడి పోరాడింది. చివరికి 2021 ఫిబ్రవరి 1 నుంచి లారీలు, బస్సుల ముందు చక్రాలకు పదేళ్లు దాటిన టైర్లు వాడకూడదని అక్కడి ప్రభుత్వం నిషేధం పెట్టింది. యూఏఈలో లెక్క ఇంకా కఠినం, తయారై ఐదేళ్లు దాటిన టైరును అనుమతించరు. అక్కడి వేడికి అది న్యాయమే. మిషెలిన్ కంపెనీ సలహా ఏంటంటే, ఐదేళ్లు వాడాక ఏటా నిపుణుడితో చూపించుకోవాలి, గీతలు ఎంత బాగున్నా పదేళ్లకు తీసేయాలి. మన దేశంలో కారు టైరు గీతల లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలన్నది నిబంధన. సెలవుల్లో మాత్రమే తిరిగే కారు ఆ పరీక్ష ఎప్పుడూ పాసవుతూనే ఉంటుంది!

సరే, పాతవి తీసేయాలి. కొత్తవి ఏవి వేయాలి? దీనికి ఒక కారును పట్టుకుని చూస్తే తేలిక. మాజ్డా ఎంఎక్స్-5 మొదటి తరం. మాజ్డా అనగానే తెలుగు ఊళ్లలో చాలామందికి గుర్తొచ్చేది స్వరాజ్ మాజ్డా వ్యానే గానీ, రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో ప్రపంచంలోనే ఎక్కువ అమ్ముడైనది ఆ కంపెనీదే. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో తొలిసారి చూపించారు. అమెరికాలో మియాటా, జపాన్‌లో రోడ్‌స్టర్ అంటారు. మొదటి తరం 1997 దాకా వచ్చింది. బరువు వెయ్యి కిలోల లోపే. దీని ఒరిజినల్ అల్లాయ్ చక్రం 14 అంగుళాలది, ఏడు పుల్లలతో పువ్వులా ఉంటుంది. ఒక్కో చక్రం బరువు ఐదు కిలోల పైచిలుకు, అంతే.

ఫ్యాక్టరీ ఇచ్చిన టైరు సైజు 185/60 ఆర్14 82హెచ్. వెడల్పు 185 మిల్లీమీటర్లు. పక్క గోడ ఎత్తు అందులో 60 శాతం, అంటే 111 మిల్లీమీటర్లు. 82 అంటే ఒక్కో టైరు 475 కిలోలు మోయగలదు. హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగం తట్టుకోగలదు. ఈ చివరి రెండూ ఫ్యాక్టరీ చెప్పినదానికంటే ఎక్కువ ఉండొచ్చు, తగ్గకూడదు. షాపువాడు ఎంత తక్కువకిస్తానన్నా సరే.

చిక్కు ఏంటంటే, ఇప్పుడు కార్లన్నీ పెద్ద చక్రాలకు మారిపోయాయి. 14 అంగుళాల్లో మంచి టైర్ల ఎంపిక ఏటేటా తగ్గిపోతోంది. మాజ్డా కంపెనీకే ఈ కష్టం తెలిసింది. 2017లో జపాన్‌లో పాత రోడ్‌స్టర్లను బాగుచేసి ఇచ్చే పథకం ప్రకటించినప్పుడు, ఆ కాలపు బ్రిడ్జ్‌స్టోన్ ఎస్ఎఫ్325 టైరును ఇదే సైజులో మళ్లీ తయారు చేయించింది. కానీ జపాన్ బయట ఉన్న మామూలు యజమానికి అది అందేది కాదు. ఊళ్లో దొరికే వాటిలోనే ఏరుకోవాలి.

సరిగ్గా అదే సైజు దొరక్కపోతే పక్క సైజులున్నాయి. 195/60 ఆర్14 వేస్తే టైరు మొత్తం ఎత్తు రెండు శాతం పెరుగుతుంది. మీటరు 100 చూపిస్తున్నప్పుడు బండి 102 మీద వెళ్తుందన్నమాట. ఒరిజినల్ చక్రం వెడల్పు 5.5 అంగుళాలు, ఈ టైరు దానికి సరిపోతుంది, ఇబ్బంది లేదు. 175/65 ఆర్14 ఎత్తులో ఒక శాతమే తేడా. సన్నగా ఉంటుంది, పట్టు కాస్త తగ్గుతుంది, నెమ్మదిగా తిప్పేవాళ్లకు నడుస్తుంది. దాని మీద రాసి ఉన్న బరువు, వేగం అంకెలు మాత్రం చూసి తీసుకోవాలి. 185/65 ఆర్14 మూడు శాతానికి పైగా ఎత్తు పెరుగుతుంది. అక్కడితో ఆగిపోవడం మంచిది.

చాలామంది ఇక్కడే మనసు మార్చుకుని 15 అంగుళాల చక్రాలు కొంటారు. 195/50 ఆర్15 టైరు ఎత్తు ఒరిజినల్‌తో దాదాపు సమానం, ఎంపిక కూడా ఎక్కువ. అందులో తప్పేం లేదు. 16, 17 అంగుళాలకు వెళ్తేనే బండి స్వభావం మారిపోతుంది. చక్రం బరువెక్కుతుంది, పక్క గోడ సన్నబడి గుంతల దెబ్బ నేరుగా సస్పెన్షన్‌కు తగులుతుంది. 15కు మారినా ఒరిజినల్ చక్రాలు మాత్రం ఎవరికీ అమ్మేయకూడదు. తర్వాత కారు అమ్మాలనుకున్న రోజున కొనేవాడు మొదట అడిగేది వాటినే.

ఇక డబ్బు లెక్క. ఇక్కడే ఎక్కువమంది పొరపాటు పడతారు. ఎక్కువ కిలోమీటర్లు వచ్చే టైరు లాభం అనుకుంటారు. రోజూ ఆఫీసుకెళ్లే కారుకు అది నిజమే. ఏడాదికి 3,000 కిలోమీటర్లు మాత్రమే తిరిగే కారు సంగతి వేరు. 40,000 కిలోమీటర్లు వచ్చే గట్టి టైరు కొంటే అది అరగడానికి 13 ఏళ్లు పడుతుంది. రబ్బరు ఆరేడేళ్లకే పాతబడుతుంది. సగం టైరును పడేయడానికే కొన్నట్టు! అదే 20,000 కిలోమీటర్లు మాత్రమే వచ్చే మెత్తటి టైరు తీసుకుంటే అరగడమూ, వయసు తీరడమూ ఇంచుమించు ఒకేసారి జరుగుతాయి. ఆ ఆరేడేళ్లూ పట్టు బాగుంటుంది, బ్రేకు వేస్తే బండి తొందరగా ఆగుతుంది. ‘లాంగ్ లైఫ్’ టైరు కోసం చెల్లించిన డబ్బు ఈ కారు విషయంలో వాడుకోలేని సరుకుకు చెల్లించినట్టే.

మెత్తదనం ఎలా తెలుస్తుంది? అమెరికా మార్కెట్ టైర్ల పక్క గోడ మీద ‘ట్రెడ్‌వేర్’ అనే మాట దగ్గర ఒక అంకె ఉంటుంది. 400, 500 ఉంటే గట్టిది, ఎక్కువకాలం అరగదు. 200 నుంచి 300 మధ్య ఉంటే ఇలాంటి కారుకు బాగా కుదురుతుంది. ఈ అంకె ఇచ్చేది ఆయా కంపెనీలే కాబట్టి ఒక కంపెనీ టైరును ఇంకో కంపెనీ టైరుతో పోల్చేటప్పుడు దాన్నే నమ్ముకోకూడదు. 200 కన్నా బాగా తక్కువైతే అవి రేస్ ట్రాక్ కోసం చేసినవి, వానలో భయపెడతాయి.

ఇదంతా అన్ని కార్లకూ ఒకేలా వర్తించదు. టయోటా ఎంఆర్2 రెండో తరంలో ఇంజిన్ సీట్ల వెనక ఉంటుంది. తొలి కార్లకు ముందు 195, వెనక 205 వెడల్పు ఇచ్చింది కంపెనీ. నాలుగూ ఒకే సైజైతే చవక కదా అని మారిస్తే మలుపులో వెనకభాగం జారుతుంది. కొన్ని పాత ఫెరారీలు, బీఎండబ్ల్యూలు, 1979 నాటి ఫోర్డ్ ముస్టాంగ్‌లకు మిషెలిన్ టీఆర్ఎక్స్ చక్రాలుంటాయి. వాటి కొలత అంగుళాల్లో కాదు, మిల్లీమీటర్లలో ఉంటుంది. 390 మిల్లీమీటర్లంటే 15.35 అంగుళాలు. 15 అంగుళాల టైరును బలవంతంగా ఎక్కించాలని ఏ మెకానిక్ అయినా అంటే అక్కడి నుంచి బయటపడటమే మేలు. టీఆర్ఎక్స్ టైర్లు ఇప్పటికీ తయారవుతున్నాయి, ఖరీదు మాత్రం ఎక్కువ.

టైర్లు ఎంచుకున్నాక బిగించే రోజు పని కూడా ముఖ్యమే. కొత్త టైరు తారీఖు షాపులోనే, బిగించకముందే చూడాలి. తక్కువ అమ్ముడయ్యే సైజు కాబట్టి రెండు మూడేళ్లుగా గోడౌన్‌లో ఉన్న సరుకు వచ్చే అవకాశం ఎక్కువ. ముప్పై ఏళ్ల అల్లాయ్ చక్రాన్ని ఒకసారి తిప్పి వంకర ఉందేమో చూపించుకోవాలి, టైరు కూర్చునే అంచు దగ్గర తుప్పు పొక్కులుంటే గీకించాలి, లేకపోతే గాలి నెమ్మదిగా దిగిపోతూనే ఉంటుంది. రబ్బరు వాల్వులు ప్రతిసారీ కొత్తవి వేయించాలి. నట్లు గన్నుతో ‘టర్ర్’మని బిగించనివ్వకుండా టార్క్ రెంచి వాడమని చెప్పాలి. మొదటి 200 కిలోమీటర్లు నెమ్మదిగా నడపాలి, కొత్త రబ్బరు పైన తయారీ అచ్చు తాలూకు జారుడు పూత ఉంటుంది.

గాలి విషయంలో ఎంఎక్స్-5 యజమానులు పంపు దగ్గర గొడవ పడాల్సిందే. చెప్పకపోతే అందరి కార్లకూ పెట్టినట్టే 32, 35 పెట్టేస్తారు. మాజ్డా చెప్పింది 26 మాత్రమే, అదీ టైరు చల్లగా ఉన్నప్పుడు. ఇంత తేలికైన బండికి ఎక్కువ గాలి కొడితే చిన్న గుంతకే ఎగురుతుంది. అప్పుడు సస్పెన్షన్ పోయిందని పరేషానై షాక్ అబ్జార్బర్లు మార్పించినవాళ్లూ ఉంటారు.

డిక్కీ తెరిస్తే ఒక సన్నటి స్టెప్నీ ఉంటుంది. నాలుగు టైర్లూ మూడుసార్లు మార్చినవాళ్లు కూడా దాని జోలికి పోరు. దాని మీదా తారీఖు ఉంటుంది. చాలా కార్లలో అది కారుతోపాటు ఫ్యాక్టరీ నుంచి వచ్చినదే, అంకెలు మూడే ఉంటాయి.