సంక్రాంతి నుంచి 66 రోజులు

కొత్త అలవాటు 21 రోజుల్లో పట్టుబడుతుందని చాలామంది నమ్ముతారు. ఈ అంకెకు మూలం మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన పుస్తకం. ఆపరేషన్ తర్వాత మారిన ముఖానికి అలవాటుపడటానికి రోగులకు కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించారు. నోళ్లు మారేసరికి ఆ ‘కనీసం’ రాలిపోయింది. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించి, 2010లో అచ్చయిన పరిశోధనలో వేరే లెక్క తేల్చింది. మధ్యస్థంగా 66 రోజులు. కొందరికి 18 చాలు, కొందరికి 254 పట్టొచ్చు. నీళ్లు తాగడం లాంటివి త్వరగా అలవడ్డాయి, వ్యాయామం ఆలస్యమైంది. మూడు వారాలకే ‘నా వల్ల కాదు’ అని నడక మానేసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. వాళ్లు పెట్టుకున్న గడువే తప్పు.

గడువు సంగతి అలా ఉంచితే, అలవాటును నిలబెట్టేది ఇంట్లో చేతికి అందే వస్తువు. జహీరాబాద్ దగ్గరి ఝరాసంగం మండలం ఈ సంగతిని అనుభవంతో తెలుసుకుంది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక, మెట్ట పొలాల ఊళ్లలో జొన్నరొట్టె, గటక తినే ఇళ్లకూ అన్నం అలవాటైంది. ఎవరూ తీర్మానం చేసుకోలేదు, బస్తా ఇంటికొచ్చింది, అంతే. అదే ఏడాది జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. దాని సంఘాల్లోని దళిత మహిళలు బీడు భూములు దున్ని జొన్న, సజ్జ, కొర్ర, సామ, తైదలు వేశారు, విత్తనాలు దాచుకున్నారు. ధాన్యం మళ్లీ ఇంటికి చేరింది కాబట్టే రొట్టె కంచంలోకి వచ్చింది. 2019లో ఈ సంస్థకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ దక్కింది.

ఒక చిన్న లక్ష్యం తీసుకుందాం: రాత్రి అన్నం బదులు రెండు జొన్నరొట్టెలు. జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నలో పీచు 10.2 గ్రాములు, తెల్ల బియ్యంలో 2.8. రెండు రొట్టెలకు వంద గ్రాముల పిండి పడుతుందనుకుంటే, అంతే బియ్యంతో పోల్చితే పూటకు ఏడు గ్రాములు ఎక్కువ. రోజుకు కావలసిన పీచు దాదాపు 30 గ్రాములు. అయితే పిండిపదార్థం జొన్నలోనూ 67.7 గ్రాములుంది, బియ్యంలో 78.2. షుగర్ ఉన్నవాళ్లు జొన్నే కదా అని నాలుగు రొట్టెలు తింటే లెక్క తిరగబడుతుంది.

రొట్టె చేయడమే అసలు కష్టం. జొన్నలో గ్లూటెన్ ఉండదు, చన్నీళ్లతో కలిపితే పిండి పగిలిపోతుంది. అందుకే మరిగే ఎసరు పోస్తారు. ఆ వేడికి పిండి కొంత ఉడికి జిగురొస్తుంది. చేత్తో కొట్టి, పెనం మీద వేసి, తడిగుడ్డతో పైన అద్ది, తిప్పి, చివర మంట మీద పొంగిస్తారు. మొదటి వారం రొట్టెలు చిరుగుతాయి. చిరిగినవే తినాలి.

రెండో లక్ష్యం నడక. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాలు, అంటే ఐదు రోజులు అరగంట చొప్పున. దీన్ని రోజూ జరిగే ఏదో ఒక పనికి కట్టాలి. ఉదాహరణకు రేడియో. ఝరాసంగం మండలంలోని మాచనూరులో మహిళలే నడిపే సంఘం రేడియో 2008 అక్టోబర్ 15న మొదలైంది. ‘ఖాళీ దొరికితే నడుస్తా’ అనేకంటే ‘రేడియో పెట్టగానే చెప్పులేసుకుంటా’ అనుకోవడం వెయ్యి రెట్లు నయం. మధ్యలో ఒకరోజు తప్పినా పరవాలేదని లాలీ బృందమే తేల్చింది.

జహీరాబాద్ ప్రాంతంలో పాత పంటల జాతర సంక్రాంతికి మొదలవుతుంది. మీరూ జనవరి 14న మొదలుపెట్టండి. 18వ రోజు జనవరి 31, లీపు ఏడాది కాకపోతే 66వ రోజు మార్చి 20, ఉగాది దగ్గరపడే వేళ. 254 రోజులు పట్టినా సెప్టెంబర్ 24, బతుకమ్మ పూలు పూసే రోజులు.