బాలురకు వచ్చు మధుమేహము

చక్కెర తినుటవలననే మధుమేహము వచ్చునని పలువురు తలంతురు. అది సరికాదు. మనము తిన్న యన్నమైనను రొట్టెయైనను జీర్ణమై చక్కెరగా మారి రక్తమున గలియును. క్లోమమునందు పుట్టు ఇన్సులిన్ ఆ చక్కెరను దేహమునకు వినియోగపఱచును. పెద్దలలో సాధారణముగా ఇన్సులిన్ చాలినంత పనిచేయదు. వారిలో అనేకులకు మితాహారము, నడక, మాత్రలు మేలుచేయును. జొన్నరొట్టె యెంత తిన్నను భయములేదని మన పాలమూరు, నల్లగొండ సీమలలో కొందరందురు. జొన్నలోను పిండిపదార్థము కలదు గనుక మితము తప్పరాదు.

బాలురకు తఱచుగా వచ్చు రకము వేఱు. అందు ఇన్సులిన్ దాదాపు పుట్టనే పుట్టదు, సూదిమందే ప్రాణాధారము. 1921లో టొరాంటో నగరమున బాంటింగ్, బెస్ట్ అనువారు దీనిని కనుగొనిరి. 1922 జనవరిలో మరణోన్ముఖుడైయున్న 14 ఏండ్ల లియొనార్డ్ థాంప్సన్‌కు దీని నీయగా అతడు మఱి 13 ఏండ్లు జీవించెను. ఆకుపసరులను నమ్మి ఈ మందు మాన్పించుట బిడ్డను మృత్యువున కప్పగించుటయే.

విద్యార్థులారా, ఈ మందు పుచ్చుకొను తోటివాడు చెమటలు పట్టి వణకినచో రక్తమున చక్కెర తగ్గెనని యెఱిగి, తెలివి యున్నంతలో చక్కెర తినిపించి, ఉపాధ్యాయుని పిలువుడు. తల్లిదండ్రులారా, బిడ్డ మాటిమాటికి దప్పిగొని, మూత్రము హెచ్చి, చిక్కిపోవుచుండినచో ఆ దినముననే వైద్యశాలకు గొనిపోవలయునని మేము ప్రార్థించుచున్నాము.