అక్కి టీకా ఎవరికి తగును?

పెద్దమండ్యం: పల్లెల్లో అక్కి, సర్పి అని పిలిచే వ్యాధికి మూలం చిన్ననాట ఆటలమ్మను కలిగించిన వైరస్సే. అది నాడుల్లో ఏళ్ల తరబడి దాగి ఉంటుంది. వయసు మీరి రోగనిరోధక శక్తి సన్నగిల్లినప్పుడు ఒంటికి ఒకవైపున మంటతో కూడిన పొక్కులుగా బయటపడుతుంది. పొక్కులు మానినా కొందరిని నరాల నొప్పి నెలల తరబడి వేధిస్తుంది. దీనిని నివారించే షింగ్రిక్స్‌ టీకా 2023లో దేశంలో అందుబాటులోకి వచ్చింది.

ఎవరికి?
50 ఏళ్లు నిండినవారికి 2 నుంచి 6 నెలల వ్యవధిలో రెండు మోతాదులు ఇస్తారు. పరీక్షల్లో ఇది 90 శాతం వరకు, అంతకు మించి రక్షణ కల్పించినట్లు తేలింది. గతంలో అక్కి వచ్చి తగ్గినవారూ వేయించుకోవచ్చు. గర్భిణులు, తీవ్ర జ్వరంతో బాధపడేవారు, ప్రస్తుతం పొక్కులున్నవారు వాయిదా వేసుకోవాలి. మొదటి మోతాదుకు తీవ్ర అలర్జీ వచ్చినవారికి రెండోది తగదు.

దుష్ప్రభావాలు
చేయి నొప్పి, వాపు, ఒళ్లునొప్పులు, తలనొప్పి, చలి, జ్వరం సాధారణం. రెండు మూడు రోజుల్లో తగ్గిపోతాయి. వీటికి జడిసి రెండో మోతాదు మానరాదు. ముఖం వాచినా, ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కాళ్లూచేతులూ చచ్చుబడే గులియన్‌ బారీ వ్యాధి అత్యంత అరుదుగా రావచ్చని అమెరికా 2021లో హెచ్చరించింది.

ఖర్చు
ప్రభుత్వ ఉచిత టీకాల జాబితాలో ఇది లేదు. మదనపల్లె వంటి పట్టణానికి వెళ్లదలచినవారు రెండు ప్రయాణాలు, రెండు మోతాదుల ఖర్చు ముందే లెక్క వేసుకోవాలి.

పొక్కులు లేచాక టీకా చికిత్స కాజాలదు. అప్పుడు ఎర్రమన్ను పూతలతో కాలయాపన చేయక 72 గంటల్లోపు వైద్యుణ్ని సంప్రదిస్తే మందులు బాగా పనిచేస్తాయి.