కోడి, పుంజు: పేళ్ల పుట్టుక

కోడి కూసినదందుము గాని, కూయునది పుంజు. అయినను వేకువను చెప్పుటకు తెలుగువానికి జాతిపేరే చాలినది. పుంజు, పెట్ట యను విడిమాటలు గట్టిగా వలసివచ్చునది పెరటిలోను సంతలోను. కాసిపేట బొగ్గుబాయిల చుట్టుపట్ల ఆదివారపు కూరకు కోడిని కొనబోవు కార్మికుడు దాని కాళ్లు పట్టి పైకెత్తి, రొమ్ము నొక్కి కండ చూచి, కాలివెనుక ముల్లు పొడవును బట్టి వయసు గ్రహించి, పిదప బేరమాడును. ముల్లు బాగుగా పెరిగినచో అది ముదురుపుంజు, ఎంత యుడికించినను కూర ఒకపట్టున మెత్తబడదు.

కోడి యను మాట మన యొక్కరి సొత్తు కాదు. తమిళ మలయాళ కన్నడములలో అది కోళి, తుళువులో కోరి, కాసిపేట పరిసరములందలి గోండు గూడెముల భాషలో కోర్. ఇన్ని యిండ్ల నొక్కపోలికతో నిలిచినందున దీనిని మూలద్రావిడము నాటి మాటగా నెంచవలెను. పుంజునకును చుట్టములు కలరు. మన పదాదిని నిలిచిన పకారము కన్నడమున హకార మగుట పాలు హాలు, పులి హులి యనువానివలన సుప్రసిద్ధము. ఆ త్రోవనే పుంజు అచట హుంజ యైనది. మేకకు పోతు, గొఱ్ఱెకు పొట్టేలు, బర్రెకు దున్న యని మగదానికెల్ల వేరుమాట గల పశుపాలకుల నుడికారమున కోడికి మాత్ర మేల లోటుండును?

సంస్కృతమున కుక్కుటమను పేరు కూతకు అనుకరణము, కృకవాకువును అట్టిదే. అమరకోశము వీనితోపాటు రాగివన్నె జుట్టును బట్టి తామ్రచూడమనియు, కాలే యాయుధమగుటచే చరణాయుధమనియు చెప్పినది. హ్రస్వ దీర్ఘ ప్లుతములను తెలుపు పాణిని సూత్రమును వ్యాఖ్యాతలు కోడికూతలోని క్రమముతో వివరించుట మఱింత ముచ్చటైనది.

ఇంగ్లీషున పాతమాట కాక్. దానికి అసభ్యార్థము తగులుకొనగా, అమెరికావారు 18వ శతాబ్దమున సంకోచించి రూస్టర్ అను మాటను వాడుకకు తెచ్చిరి. రూస్ట్ అనగా రాత్రి కోళ్లు ఎక్కి నిదురించు కొయ్య. ఆ కొయ్యను పెట్టయు నెక్కును గదా యని వారు చింతించినట్లు లేదు!

మన పందెగాండ్రకు మాత్రము పుంజన్న నొక్కమాట చాలదు. ఎఱ్ఱని యీకలది డేగ, నల్లనిది కాకి, తెల్లనిది సేతువ. ఏ దినమున ఏ రంగు గెలుచునో కుక్కుటశాస్త్రము పేర లెక్కలు గట్టుదురు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టము ప్రకారము జంతువులను పోరునకు పురికొల్పుట నేరమైనను, సంక్రాంతి బరులలో ఈ పేళ్లు నేటికిని వినవచ్చుచునే యున్నవి.